వెండితెరపై కవిమూర్తులు

కవి చేసే పని కంటికి కనబడేది కాదు. కుమ్మరి సారె త్రిప్పుతాడు. సాలెవాడు మగ్గం ముందు కూర్చుంటాడు. కమ్మరి కొలిమిలో ఇనుము ఎర్రబారుతుంది. ఆ పనులను చూస్తున్నవానికి వస్తువు పుట్టుక తెలుస్తూనే ఉంటుంది. కవి విషయం అట్టిది కాదు. అతడు గంటసేపు గోడవైపు చూచి ఒక మాట వ్రాస్తాడు; మరునాడు దానిని కొట్టివేస్తాడు. ఆ గంటలో జరిగినదేమో ప్రక్కగదిలో ఉన్న ఇల్లాలికి సైతం తెలియదు. ఇట్టి మనిషిని, దృశ్యమే ప్రాణంగా గల చలనచిత్రం తన కథకు నాయకునిగా ఎన్నుకొన్నప్పుడు ఏమి చేస్తుంది? వ్రాతను చూపలేదు కనుక వ్రాసినవానిని చూపుతుంది. తలపును చూపలేదు కనుక అతని ప్రేమలను, కలహాలను, దారిద్ర్యాన్ని, మరణశయ్యను చూపుతుంది. కవి వ్యక్తిత్వమూ, తోడివారితో అతనికి గల సంబంధాలూ చిత్రానికి ముడిసరకు అవుతాయి. ఆ ముడిసరకుతో మలచిన మూర్తి ఎంతవరకు ఆ కవిది, ఎంతవరకు చూచేవారి కోరికది అన్న ప్రశ్న విచారించదగినది.

ఈ ప్రశ్న సినిమాతో పుట్టినది కాదు. మన దేశంలో కవుల చరిత్రలు తొలినుండి కథలుగానే నడిచాయి. వ్యాసుడు చెబుతూ ఉండగా గణపతి వ్రాయటం, క్రౌంచం నేలకూలగా వాల్మీకి నోట శ్లోకం వెలువడటం, మూఢుడైన కాళిదాసు కాళీకటాక్షంతో మహాకవి కావటం, ఇవన్నీ జనం మనస్సులో ఏనాడో గీసుకొన్న బొమ్మలు. హరికథకులు, నాటకకర్తలు ఆ బొమ్మలకు రంగులు పూశారు. సినిమా వచ్చి వాటిని కదిలించింది. కనుక తెరమీది కవిని చూచి చరిత్రకారుడు చిరాకుపడితే ఆ చిరాకు సగం సినిమాకు, సగం మన పూర్వులకు చెందుతుంది.

అయినప్పటికీ ఒక ఊరిలో ఈ ప్రశ్నకు కొంత బరువు ఎక్కువ. పశ్చిమ వంగరాష్ట్రంలోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం అట్టిది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరాలలో బెంగాల్ నాగపూర్ రైల్వేవారు అక్కడ కూడలి స్టేషనును నెలకొల్పారు. దానివెంట కర్మాగారం లేచింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలనుండి తెలుగువారు ఫిట్టర్లుగా, ఫైర్‌మెన్లుగా, గుమాస్తాలుగా వచ్చి క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. ఆ రైల్వే 1952లో తూర్పు రైల్వేలో కలిసి, 1955లో ఆగ్నేయ రైల్వేగా విడివడినది. తెలుగు కుటుంబాలు మాత్రం కదలలేదు. ఒరియా, హిందీ, పంజాబీ, తమిళ కుటుంబాల నడుమ వారి సంసారం తరాలుగా సాగుతూనే ఉన్నది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికారభాషా ప్రతిపత్తి ఇవ్వటానికి నిర్ణయించినప్పుడు అందరి దృష్టీ మొదట ఈ పట్టణంమీదనే నిలిచింది.

అధికారభాష కావటం వేరు, అక్షరం నోటికీ కంటికీ అలవడటం వేరు. ఖరగ్‌పూర్ తెలుగింట పుట్టిన పిల్ల ఇంట్లో అమ్మతో తెలుగు మాట్లాడుతుంది, వీధిలో హిందీ, బడిలో బెంగాలీయో ఇంగ్లీషో. పోతన పేరు ఆమె వింటుంది. పోతన పుస్తకం ఆమె చేతికి రాదు. వచ్చినా ఆ లిపి ఆమెకు చిత్రలిపి. మరి పోతన ఆమెను చేరేది ఎట్లా? చాలాసార్లు సినిమా ద్వారానే. స్వదేశంలో ఉన్న పాఠకునికి కవిని గూర్చిన సినిమా కవిత్వానికి అనుబంధం మాత్రమే. అతడు సినిమా తప్పు చెబితే పుస్తకం తెరచి సరిచూచుకోగలడు. పరభాషాప్రాంతంలో పెరిగినవారికి ఆ సౌకర్యం లేదు. తెరమీద ఏ కవి కనిపించాడో వారికి ఆ కవే కవి. అందుచేత తెర చెప్పే సత్యాసత్యాలు అక్కడ వినోదవిషయం కాదు, వారసత్వవిషయం.

మనిషికీ తెరమీది మనిషికీ గల దూరం ఏమిటో ఆ ఊరు స్వానుభవంతో కూడ ఎరుగును. క్రికెట్ క్రీడాకారుడు మహేంద్రసింగ్ ధోనీ 2001 నుండి 2003 వరకు ఖరగ్‌పూర్ స్టేషనులో టిక్కెట్ల తనిఖీ ఉద్యోగం చేశాడు. 2016లో నీరజ్ పాండే అతని జీవితాన్ని చిత్రంగా తీసినప్పుడు అదే స్టేషనులో చిత్రీకరణ జరిగింది. ఒక వేయి డెబ్బది రెండు మీటర్లకు మించిన ఆ ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరు పొందినది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోయాయి. తాము రోజూ నడిచే ప్లాట్‌ఫారం తెరమీద ఒక కలగా మారటం ఆ ఊరివారు చూచారు. క్రీడాకారుని విషయంలో ఆ కలకు హద్దు ఉన్నది: అతడు ఆడిన ఆటలన్నీ దృశ్యరూపంలో భద్రంగా ఉన్నాయి; కల్పన ఎంత సాగినా లెక్క అక్కడికి వచ్చి ఆగుతుంది. ఐదువందల ఏండ్లనాటి కవికి అట్టి సాక్ష్యం లేదు. అతనికి మిగిలినది అతని పద్యం, అతనిపై పుట్టిన కథలు. ఈ రెండింటిలో సినిమా కథవైపే మొగ్గుతుంది.

తెలుగు కవుల చిత్రాలలో పెద్దపీట 1943లో వచ్చిన 'భక్త పోతన'కే. కె.వి. రెడ్డిగారు దర్శకులు, చిత్తూరు నాగయ్యగారు పోతన. ఆ తరువాత 1946లో నాగయ్యగారే 'త్యాగయ్య', 1947లో 'యోగి వేమన' అయ్యారు. ఐదేండ్ల వ్యవధిలో మూడు శతాబ్దాలకు చెందిన ముగ్గురు మహనీయులకు ఒకే ముఖం, ఒకే కంఠం కుదిరాయి. ఆ కంఠంలో ఆర్ద్రత ఉన్నది, వినయం ఉన్నది, లోకాన్ని క్షమించే గుణం ఉన్నది. ఆంధ్రదేశంలో ఒక తరం వారికి కవి అంటే ఇట్లాగే ఉంటాడని అభిప్రాయం ఏర్పడటానికి ఆ కంఠం చాలినంత కారణం. అయితే కవులందరూ అట్లా ఉండరు. వేమన మాటలోని కొరడాదెబ్బకు, పోతన మాటలోని మందారమకరందానికి ఒకే గొంతు చాలదు. నటుని గొప్పతనమే ఇక్కడ కవుల భేదాన్ని కప్పివేసినది.

పోతన కథలో సంబంధాల చిక్కు శ్రీనాథునితో వస్తుంది. ఇరువురూ బావమరుదులన్నది లోకప్రసిద్ధమైన కథ. పోతన తన భాగవతంలో తల్లిదండ్రులను, అన్నగారిని పేర్కొన్నాడు. శ్రీనాథునితో బంధుత్వం మాట లేదు. కావ్యాన్ని రాజులకు అంకితమీయనన్న నిశ్చయం మాత్రం ఆయన అవతారికలోనే స్పష్టం. ఈ నిశ్చయానికి ఎదురుగా ఒక మనిషి నిలబడితేగాని కథకు పట్టు కుదరదు. రాజాస్థానాలు తిరిగి, ప్రౌఢదేవరాయల సభలో కనకాభిషేకం పొందిన శ్రీనాథుడు ఆ స్థానానికి చక్కగా సరిపోయాడు. అట్లా రెండు జీవనమార్గాలు రెండు పాత్రలయ్యాయి. హాలికుడు ఒకవైపు, ఆస్థానకవి మరొకవైపు. ప్రేక్షకుని హృదయం ఎటు మొగ్గాలో ముందే నిర్ణయమైపోయినది.

ఖరగ్‌పూర్ రైల్వే కర్మాగారంలో ముప్ఫయి ఏండ్లకు పైగా పనిచేసి విరమించిన ఒక తెలుగు పెద్దమనిషి, బెంగాలీ బడిలో చదివే తన మనుమరాలిని ప్రక్కన కూర్చోబెట్టుకొని చేతి ఫోనులో ఈ పాత చిత్రం చూచిన సందర్భంలో జరిగిన సంభాషణ ఇక్కడ చెప్పదగినది.

"తాతా, శ్రీనాథుడు చెడ్డవాడా?" అని అడిగింది పిల్ల.

"ఛ, అదేం మాట తల్లీ! చెడ్డవాడెందుకవుతాడు? రాజుల దగ్గర కొలువు చేసుకొన్నాడు, అంతే."

"నువ్వూ రైల్వేలో కొలువు చేశావు కదా తాతా?"

ముసలాయన నవ్వాడు. నవ్వి, కొంతసేపు మాటాడలేదు. తరువాత లోపలికి వెళ్ళి, అట్ట ఊడిపోయిన ఒక పుస్తకం తెచ్చి, "ఇది శ్రీనాథుడు వ్రాసినదే. విను, విని నువ్వే చెప్పు" అన్నాడు. పిల్ల పుస్తకంలోకి తొంగిచూచి, "నాకు ఈ అక్షరాలు రావు" అన్నది. "అందుకే నేను చదువుతాను" అని ఆయన చదివాడు.

ఆ పిల్ల ప్రశ్నలో సాహిత్యవిమర్శ అంతా ఉన్నది. కొలువు చేసిన కవి తక్కువవాడనీ, నాగలి పట్టిన కవి ఎక్కువవాడనీ సినిమా పిల్లల మనస్సులో నాటితే, కొలువు చేసి బిడ్డలను పోషించిన తాతకు ఆ తూకంలో స్థానమేమిటి? శ్రీనాథుని చివరిదశను గూర్చి చాటుపద్యాలు చెప్పే కథ వేరుగా ఉంటుంది. కృష్ణాతీరాన బొడ్డుపల్లెను గుత్తకు తీసుకోగా వరదలో పంట పోయి, సుంకం చెల్లించలేక, ఆ ముసలికవి భుజాన రాయి మోసి ఎండలో నిలబడవలసి వచ్చినదట. అది నిజమైతే కనకాభిషేకం పొందిన శరీరమే ఆ రాయిని మోసినది. ఈ దుఃఖానికి తెర చాలాకాలం చోటీయలేదు. 1993లో బాపు దర్శకత్వంలో, ముళ్ళపూడి వెంకటరమణ రచనతో, ఎన్.టి. రామారావు నటించిన 'శ్రీనాథ కవిసార్వభౌముడు' వచ్చి, ఎదుటిపక్షంగా నిలిచినవానిని నాయకుని చేసింది. రామారావు సినీజీవితపు చివరి చిత్రాలలో అది ఒకటి. పోతన కథ యాభై ఏండ్లు ముందు రావటం, శ్రీనాథుని కథ యాభై ఏండ్లు ఆలస్యంగా రావటం మన అభిరుచిని గూర్చి కొంత చెబుతుంది. త్యాగాన్ని మనం వెంటనే పూజిస్తాము. వైభవంలో దాగిన వేదనను గుర్తించటానికి వ్యవధి పడుతుంది.

'యోగి వేమన'లో కె.వి. రెడ్డిగారు మరొక మార్గం త్రొక్కారు. కాళిదాసు కథలో దేవత అనుగ్రహించగానే కవిత్వం పొంగుతుంది. 1960లో వచ్చిన 'మహాకవి కాళిదాసు' ఆ కథనే ఆధారం చేసుకొన్నది. దేవతానుగ్రహం తెరకు చాల అనుకూలం, ఎందుకంటే శ్రమను చూపవలసిన భారం తప్పుతుంది. రాత్రికి రాత్రి మూఢుడు కవి అయితే, అతడు ఎన్ని తాటాకులు చింపివేశాడో ఎవరూ అడగరు. వేమన కథలో అట్టి మెరుపు లేదు. వేశ్యాసాంగత్యం, స్వర్ణవిద్యపై వ్యామోహం, అన్నగారి కూతురు జ్యోతిపై మమకారం, ఆ పసిపాప మరణం. చావు కలిగించిన ఖాళీనుండి మాట పుడుతుంది. అది చరిత్రసిద్ధమా అంటే కాదు. వేమన జీవితాన్ని గూర్చి మనకు తెలిసినది స్వల్పం. కాని ఒక కవి పలుకుకూ అతడు ప్రేమించిన ప్రాణికీ మధ్య గల దారిని చిత్రం వెదకినది. కల్పన అయినా దాని దిక్కు సరియైనది.

తెలుగు తెరకు పోతన-శ్రీనాథుల జంట ఎట్టిదో, వంగదేశపు జ్ఞాపకంలో విద్యాసాగర-మధుసూదనుల జంట అట్టిది. తేడా ఒక్కటే: ఈ రెండవ జంట సంబంధానికి ఉత్తరాల సాక్ష్యం ఉన్నది. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1820లో పుట్టిన బీర్‌సింఘా గ్రామం నేడు ఖరగ్‌పూర్ ఉన్న పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే ఉన్నది. 1950లో ఆయన పేరిట కాళీప్రసాద్ ఘోష్ తీసిన చిత్రంలో పహాడీ సన్యాల్ విద్యాసాగరుని పాత్ర ధరించాడు. అదే సంవత్సరం మధు బోస్ 'మైకేల్ మధుసూదన్' తీశాడు. ఉత్పల్ దత్ ఆ పాత్రతోనే సినిమారంగంలో అడుగుపెట్టాడు. స్వాతంత్ర్యం వచ్చి మూడేండ్లు కూడ నిండలేదు. దేశవిభజనతో గాయపడిన వంగసమాజం తన పూర్వులను తెరమీద మరల చూచుకోవాలని తహతహలాడింది. ఒకే ఏట ఆ ఇరువురూ తెరకెక్కటం యాదృచ్ఛికమే కావచ్చు, కాని వారిద్దరినీ ప్రక్కప్రక్కన పెట్టి చూడటం అక్కడివారికి కొత్త కాదు.

చరిత్ర చెప్పేది ఇది. 1824లో జన్మించిన మధుసూదనుడు 1843లో క్రైస్తవమతం స్వీకరించి తండ్రికి దూరమయ్యాడు. 1848 నుండి 1856 వరకు మద్రాసులో ఉపాధ్యాయుడుగా, పత్రికారచయితగా కాలం గడిపాడు. అక్కడ రెబెకాను వివాహమాడి, నలుగురు బిడ్డలను కని, ఆమెను విడిచాడు. హెన్రియెట్టా అతని తుదిశ్వాసవరకు తోడు నిలిచినది. 1861లో 'మేఘనాదవధ కావ్యం' వచ్చినది. 1862లో న్యాయశాస్త్రం చదువుటకు ఇంగ్లండు వెళ్ళాడు. స్వదేశంలో ఏర్పాటు చేసిన డబ్బు అందక, హెన్రియెట్టా, బిడ్డలతో ఫ్రాన్సులోని వెర్సాయిలో అప్పులపాలై, చెరసాల గడపదాకా వచ్చినప్పుడు అతడు ఉత్తరం వ్రాసినది విద్యాసాగరునికి. ఆయన డబ్బు పంపాడు. తన వద్ద చాలక ఇతరుల వద్ద అప్పు చేసి పంపాడు. మధుసూదనుడు బారిస్టరై 1867లో తిరిగివచ్చాడు. వచ్చినా ఖర్చు తగ్గలేదు, అప్పు తీరలేదు. సహాయం చేసినవాని ఓర్పుకు కూడ ఒక హద్దు వచ్చినది. 1873 జూన్ 26న హెన్రియెట్టా, మూడు దినాల తరువాత మధుసూదనుడు మరణించారు.

ఇందులో సినిమాకు కావలసినదంతా ఉన్నట్లే కనిపిస్తుంది: మతాంతరం, రెండు ప్రేమలు, విదేశం, దారిద్ర్యం, ఆసుపత్రిలో మరణం. కాని ఈ కథ గుండె ఎక్కడ ఉన్నది? ఒక కవి చేయి చాపటంలోనూ, మరొక రచయిత అప్పుచేసి ఆ చేతిలో డబ్బు పెట్టటంలోనూ ఉన్నది. విద్యాసాగరునిది క్రమశిక్షణ, పొదుపు, మోటు చాదరు, సూటి గద్యం. మధుసూదనునిది విచ్చలవిడితనం, ఫ్రెంచి సారాయి, కట్టుత్రెంచుకొన్న ఛందస్సు. ఈ ఇద్దరికీ సయోధ్య ఎట్లా కుదిరినది? భాష కుదిర్చినది. తన గద్యం చేయలేని పని ఆ పద్యం చేస్తున్నదని విద్యాసాగరుడు గుర్తించగలిగాడు. మనీ ఆర్డరును తెరమీద చూపవచ్చు. ఈ గుర్తింపును చూపటం కష్టం. కనుక తెరకు ఈ సంబంధం దాత-యాచకుల కథగా తేలిక అవుతుంది. దాతను దేవుని చేసి, యాచకుని త్రాగుబోతును చేస్తే కన్నీరు తేలికగా వస్తుంది. ఇద్దరు రచయితలు మాత్రం కనుమరుగవుతారు.

దాతను దేవుని చేయటంలో మరొక నష్టం ఉన్నది. తల్లి పిలిచినదని వరద దామోదరాన్ని ఈది వెళ్ళిన విద్యాసాగరుడు జనశ్రుతిలో ఉన్నాడు. వితంతువివాహవిషయమై స్వగ్రామంలో వచ్చిన తగవుతో 1869లో బీర్‌సింఘా విడిచిపెట్టి మరల ఆ ఊరి గడప త్రొక్కని విద్యాసాగరుడు చరిత్రలో ఉన్నాడు. వితంతువును వివాహమాడిన కొడుకును చూచి గర్వించి, తరువాత ఆ కొడుకునే తన మరణశాసనంలో దూరం చేసిన తండ్రి కూడ ఆయనే. జీవితపు చివరి అంకంలో ఆయన సంతాలుల నడుమ కర్మాటాడ్‌లో ఎక్కువకాలం గడిపాడు. అక్కడి రైల్వే స్టేషనుకు నేడు ఆయన పేరే ఉన్నది. రైలుబండిలో ఆ స్టేషను దాటే ఖరగ్‌పూర్ ఉద్యోగికి ఆ పేరు పలక వెనుక ఉన్న ఒంటరితనాన్ని ఏ చిత్రం చెబుతుంది? దయాసాగరునికి స్వజనంతో పొసగకపోవటం ఆయన దయకు కళంకం కాదు. ఆ దయకు ఆయన చెల్లించిన మూల్యం.

రవీంద్రుని విషయంలో సత్యజిత్ రాయ్ రెండు మార్గాలు త్రొక్కాడు. 1961లో శతజయంతి సందర్భాన ఫిల్మ్స్ డివిజన్ కోసం తీసిన డాక్యుమెంటరీ మొదటిది. అది గౌరవంతో కూడిన చిత్తరువు. రాజకీయ, సాంస్కృతిక చరిత్రలో కవిని నిలబెట్టినది, అంతఃపురంలోకి తొంగిచూడలేదు. 1964లో తీసిన 'చారులత' రెండవది. దానికి ఆధారం రవీంద్రుని 1901నాటి 'నష్టనీడ్' కథ. పత్రికానిర్వహణలో మునిగిన భర్త, సాహిత్యం తెలిసిన భార్య, సాహిత్యవ్యామోహంతో ఇంటికి వచ్చిన మరిది, ఈ ముగ్గురి కథ అది. రవీంద్రుని వదిన కాదంబరీదేవి, అతని వివాహమైన కొద్ది నెలలకే, 1884 ఏప్రిల్‌లో ఆత్మహత్య చేసుకొన్న సంగతి ఎరిగినవారికి ఈ కథ నీడ ఎక్కడిదో తోచక మానదు. 2015లో సుమన్ ఘోష్ 'కాదంబరి' చిత్రంలో ఆ నీడను అసలు పేర్లతోనే చూపాడు.

ఈ రెండు చిత్రాల భేదం గమనించదగినది. పేర్లు పెట్టి చూపినప్పుడు ప్రేక్షకుడు, ఇది జరిగినదా లేదా అని సాక్షి అవుతాడు. పేర్లు మార్చి చూపినప్పుడు, ఒక స్త్రీ మనస్సు ఎట్లా వ్రాతవైపు తిరిగినదో చూచే సహృదయుడవుతాడు. చారు మొదట వ్రాయబోయి కాగితాలు నలిపి పారవేస్తుంది. తరువాత ఉయ్యాలపై కూర్చొంటుంది. ఆమె ముఖంపై ఆమె పుట్టిన పల్లె జ్ఞాపకాలు ఒకదానిపై ఒకటి తేలివస్తాయి: నది, పడవ, జాతర. అప్పుడు కలం కదులుతుంది. ఆమె వ్యాసం అచ్చయిన పత్రికను చుట్టి, అదే చేత్తో అమల్‌ను కొట్టి, వెంటనే ఏడుస్తుంది. వ్రాత ఎక్కడనుండి వస్తుందో, వ్రాసినవారికి అది విజయమూ ఓటమీ ఒక్కసారే ఎట్లా అవుతుందో ఇంతకంటె సూటిగా చూపిన దృశ్యాలు మన సినిమాలో అరుదు. ఈ వ్యాసం మొదట అడిగిన ప్రశ్నకు అక్కడ ఒక సమాధానం దొరుకుతుంది. కవి పని కంటికి కనబడదు. కాని ఆ పనికి ముందు అతని ముఖంమీద జరిగేదానిని చూపవచ్చు. అందుకు ప్రసిద్ధకవి కావలసిన పనిలేదు.

ఖరగ్‌పూర్ వారికి రవీంద్రుని మరొక ముఖం దగ్గరిది. ఆ ఊరి అంచున ఉన్న హిజ్లీ నిర్బంధశిబిరంలో 1931 సెప్టెంబరు 16న పోలీసులు నిరాయుధులైన ఖైదీలపై కాల్పులు జరపగా సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్ గుప్త మరణించారు. డెబ్బది ఏండ్ల వృద్ధుడు, ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్న రవీంద్రుడు కలకత్తా మైదానంలో జనం మధ్య నిలిచి నిరసన పలికాడు. ఆ శిబిరభవనంలోనే 1951లో భారతీయ సాంకేతిక విజ్ఞాన సంస్థ ప్రారంభమైనది. తెల్లని గడ్డపు ఋషిగానో, వదినెను తలచి కుమిలే యువకునిగానో తెర రవీంద్రుని చూపటం పరిపాటి; కోపంతో కంఠం వణకిన ఆ ముసలివాడు తెరకు అంతగా అక్కరపడలేదు. రచయితకు ప్రియురాలితో ఉన్న సంబంధమే సంబంధం కాదు. ఎన్నడూ చూడని ఇద్దరు ఖైదీలతో కూడ అతనికి సంబంధం ఉంటుంది.

ఉర్దూ-హిందీ రంగంలో విచిత్రమైన ఒక గొలుసు ఉన్నది. 1954లో సోహ్రాబ్ మోదీ తీసిన 'మీర్జా గాలిబ్'కు కథ వ్రాసినది సాదత్ హసన్ మంటో. సంభాషణలు రాజిందర్ సింగ్ బేదీవి. ఆ యేటి ఉత్తమచిత్రంగా దానికి జాతీయపురస్కారం లభించినది. కథలో ప్రధానమైనది గాలిబ్ గజళ్ళను ప్రేమించి గాలిబ్‌నే ప్రేమించిన ఒక గాయని గాథ. సురయ్యా కంఠం ఆ గాథను ప్రజల గుండెలకు చేర్చినది. కాని గాలిబ్ జీవితాన్ని నడిపిన తగవు పింఛనుది. దానికోసం ఆయన ఢిల్లీనుండి బయలుదేరి 1828లో కలకత్తా చేరాడు, ఆ ఊరి పండితులతో పారసీ వ్యాకరణంపై కలహించాడు, ఖాళీచేతులతో తిరిగివెళ్ళాడు. మిత్రులకు, శిష్యులకు ఆయన వ్రాసిన లేఖలు ఉర్దూ గద్యానికి కొత్త దారి తీశాయి. పింఛను దరఖాస్తు ప్రేమకథ కాజాలదు. కాని ఆ మనిషి గర్వమూ దైన్యమూ రెండూ అందులోనే ఉన్నాయి. 1988లో గుల్జార్ టెలివిజన్ ధారావాహికలో, నసీరుద్దీన్ షా నటనలో, తీరిక దొరికినందున ఇల్లూ, బాకీలూ, చనిపోయిన బిడ్డలూ, భార్య ఉమ్రావ్ బేగం మౌనమూ చోటుచేసుకొన్నాయి. వ్యవధి కూడ సత్యానికి ఒక సాధనమని ఆ ధారావాహిక నిరూపించినది.

గాలిబ్‌ను కథ చేసిన మంటో 1955 జనవరిలో లాహోరులో మరణించాడు. అరవై మూడేండ్ల తరువాత, 2018లో, నందితా దాస్ అతనినే చిత్రనాయకుని చేసింది. ఆ చిత్రం పద్ధతి వేరు. జీవితదృశ్యాల నడుమ అతని కథలు హెచ్చరిక లేకుండా ప్రవేశిస్తాయి. వీధిలో నడుస్తున్న మంటో కథలోనికి నడుస్తాడు. కథ ముగియగానే వంటింటిలో భార్య సఫియా ముఖం కనబడుతుంది. అతడు చూచినదేమి, వ్రాసినదేమి, ఆ వ్రాతకు ఇల్లు ఎంత చెల్లించినది, ఈ మూడూ ఒకే త్రాటిపై నిలుస్తాయి. ఇస్మత్ చుగ్తాయితో హాస్యపు స్నేహం, నటుడు శ్యామ్‌తో విభజన మాటున తెగిన స్నేహం అందులో ఉన్నాయి. 'ఠండా గోష్త్' కథపై లాహోరు న్యాయస్థానంలో విచారణ జరిగినప్పుడు ఫైజ్ అహ్మద్ ఫైజ్ సాక్ష్యమిచ్చాడు. ఆ కథ అశ్లీలం కాదన్నాడు. అయితే ఉత్తమసాహిత్యపు ప్రమాణాలను అందుకోలేదని కూడ అన్నాడు. శిక్ష తప్పించే సాక్ష్యంలోని ఆ రెండవ వాక్యమే మంటోకు ములుకై నాటినది. రచయితల నడుమ ఉండే సంబంధానికి ఇది నిక్కమైన ఉదాహరణ. శత్రువు తిట్టినందుకు కాదు, తోటి రచయిత తూకం వేసినందుకు గుండె నొచ్చటం ఆ వృత్తికే చెల్లు.

ఇంతవరకు చూచినదానిబట్టి కవిచిత్రాలకు ఒక కొలబద్ద ఏర్పరచుకోవచ్చు. వేషం సరిపోయినదా, సంవత్సరాలు సరిగా ఉన్నవా అన్నవి చిల్లర ప్రశ్నలు. పాత్రకు అతని భాషతో గల సంబంధం కనిపించినదా అన్నది మొదటి ప్రశ్న. అతనిని భరించినవారు, అనగా భార్య, అప్పిచ్చినవాడు, అన్నం పెట్టినవాడు, మనుషులుగా కనిపించారా అన్నది రెండవది. ఎదుటి రచయితకు కూడ న్యాయం జరిగినదా అన్నది మూడవది. చిత్రం ముగిసిన తరువాత చూచినవాడు పుస్తకం వైపు చేయి చాచాడా అన్నది నాల్గవది, అన్నిటిలో ముఖ్యమైనది. మొదటి మూడింటిలో తప్పిన చిత్రం కూడ నాల్గవదానిలో నెగ్గితే క్షమించవచ్చు. 'భక్త పోతన' శ్రీనాథునికి అన్యాయం చేసి ఉండవచ్చు. కాని ఒక తాత అట్ట ఊడిన పుస్తకాన్ని బయటికి తీయటానికి ఆ అన్యాయమే కారణమైనది.

అయితే ఈ క్షమాగుణానికి ఒక షరతు ఉన్నది. చేయి చాచినప్పుడు పుస్తకం అందాలి, అందిన పుస్తకంలోని అక్షరం చదవటానికి రావాలి. ఖరగ్‌పూర్‌లో తెలుగుకు అధికారప్రతిపత్తి ఇచ్చే నిర్ణయం ఒక మెట్టు. పిల్లకు అక్షరం దిద్దించే పూట తరువాతి మెట్టు. ఆ రెండవది ఏ మంత్రివర్గమూ తీర్మానించగలిగినది కాదు. ఇంట్లో తాతో, అమ్మమ్మో, సాయంత్రంవేళ పలక పట్టే ఒక ఓపికగల మనిషో చేయాలి. ఆ పని జరగనినాడు తెర ఎంత సత్యం చెప్పినా అది ముఖాలను మాత్రమే ఇవ్వగలదు.

మధుసూదనుడు 1849లో మద్రాసునుండి కలకత్తాలోని తన మిత్రుడు గౌరదాస్ బసాక్‌కు వ్రాసిన ఉత్తరంలో తన దినచర్యను గంటలవారీగా తెలిపాడు. ఉదయం హీబ్రూ, తరువాత బడి, మధ్యాహ్నం గ్రీకు, సాయంకాలం లాటిన్, రాత్రి ఇంగ్లీషు. పగలు రెండు గంటల నుండి ఐదు గంటల వరకు ఆయన కేటాయించినది తెలుగుకూ సంస్కృతానికీ. చేతిలో డబ్బు లేదు, ఇంగ్లీషులో వ్రాసిన కావ్యానికి ఆశించిన ఆదరణ లేదు, ఇంకా బెంగాలీలో కావ్యం వ్రాయలేదు. ఇరువదియైదేండ్ల ఆ వంగయువకుడు మద్రాసు ఎండలో కూర్చొని తెలుగు దిద్దుకొంటున్నాడు. ఆ మూడు గంటలలో ప్రేమకథ లేదు, కలహం లేదు, కన్నీరు లేదు. కెమెరాకు అందులో పట్టుకోదగినది ఏమీ లేదు. పన్నెండేండ్లకు 'మేఘనాదవధ' వ్రాసిన చేయి మాత్రం అదే.